అనుభవం అక్కరకు రాని ప్రమాదాలు

1962 ఫిబ్రవరి మొదటి వారంలో మన దేశంలో చాలా ఇళ్ళలో సరిగా నిద్ర లేదు. మకరరాశిలో ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరుతున్నాయని, 3వ తేదీ నుంచి 5వ తేదీ లోపల లోకానికి పెద్ద కీడు తప్పదని జ్యోతిష్కులు చెప్పారు. అష్టగ్రహ కూటమి అన్న మాట పల్లెల దాకా పాకింది. శాంతి హోమాలు, నామ సంకీర్తనలు జరిగాయి. మూడు రోజులూ మామూలుగానే గడిచాయి.

అదే ఏడాది అక్టోబరు 27. దీపావళి అమావాస్యకు ముందు రోజు. క్యూబా సమీపంలో సముద్రం అడుగున ఉన్న బి-59 అనే సోవియట్ జలాంతర్గామిని అమెరికా యుద్ధనౌకలు చుట్టుముట్టి, పైకి రప్పించడానికి చిన్నపాటి పేలుడు గుళ్ళు వదిలాయి. లోపల ఉన్నవాళ్ళకు మాస్కోతో సంబంధం తెగిపోయింది. ఊపిరాడనంత వేడి. పైన యుద్ధం మొదలైపోయిందనుకున్న కెప్టెన్, అణు టార్పెడో సిద్ధం చెయ్యమన్నాడు. అదే నౌకలో ఉన్న వాసిలీ అర్ఖిపోవ్ అనే అధికారి ఒప్పుకోకుండా అతన్ని శాంతింపజేశాడు. ఆ టార్పెడో పేలి ఉంటే అమెరికా ఊరుకునేది కాదు. అప్పుడు మన పత్రికల నిండా చైనా యుద్ధం వార్తలే. క్యూబా దగ్గర ఏదో గొడవ జరుగుతోందని చదివినవాళ్ళకు కూడా ఈ సంగతి తెలిసే వీలు లేదు. నలభై ఏళ్ళ తర్వాత, 2002లో గానీ అది లోకానికి తెలియలేదు.

లోకం అంతమవుతుందని జనం భయపడ్డ రోజుల్లో ఏ ప్రమాదమూ లేదు. ప్రమాదం నిజంగా గుమ్మం దాకా వచ్చిన రోజున మన దగ్గర భయపడ్డవాళ్ళే లేరు. 1979 జులైలో స్కైలాబ్ మన నెత్తిన పడుతుందన్నప్పుడూ, 2012 డిసెంబరు 21న యుగాంతం అన్నప్పుడూ టెన్షన్ పడింది ఇలాగే. భయపడినందుకు ఎవర్నీ తప్పు పట్టాల్సిన పని లేదు. కానీ ఏ ప్రమాదం ఎంత పెద్దదో చూసుకోకుండా పడే భయం, నిజంగా పట్టించుకోవాల్సినదాన్ని కనపడనివ్వదు.

నెల్లూరు, ప్రకాశం తీరంలో ప్రళయమంటే ముందు గుర్తుకొచ్చేది తుపాను, ఉప్పెన. 1927 నవంబరులో నెల్లూరు దగ్గర పెద్ద తుపాను తీరం దాటింది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టేసింది, ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటినది ఆ దశాబ్దంలో వచ్చిన అతి తీవ్రమైన తుపానుల్లో ఒకటి. 1990 మే తుపానుకు రాష్ట్రంలో చనిపోయినవాళ్ళు దాదాపు 1,000 మంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సముద్రం ఎందుకు వెనక్కి పోయిందో ఒడ్డున ఉన్నవాళ్ళకు అర్థం కాలేదు, ఆంధ్ర తీరంలో వందమందికి పైగా పోయారు.

ప్రతి దెబ్బ తర్వాతా ఏదో ఒకటి మారింది. తుపాను షెల్టర్లు కట్టారు. రాడార్లు వచ్చాయి. 2007లో హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నెల్లూరు, ప్రకాశం తీరాన్ని రాసుకుంటూ వచ్చి బాపట్ల దగ్గర భూమి మీదికి ఎక్కేసరికి పట్టపుపాళేల్లో, అంటే మత్స్యకారుల పల్లెల్లో, జనాన్ని ముందే ఖాళీ చేయించారు, బోట్లు ఒడ్డుకు చేరాయి. పంట పోయింది, రొయ్యల గుంటలు మునిగాయి. మనుషులు మాత్రం చాలావరకు దక్కారు. ఈ నేర్పంతా చచ్చిపోయినవాళ్ళ మీద వచ్చింది. చెప్పడానికి కొందరు బతికి ఉన్నారు గనక వచ్చింది.

మనుషులందర్నీ ఒకేసారి తీసుకుపోయే ప్రమాదం విషయంలో ఈ దారి మూసుకుపోతుంది. మొదటిసారే ఆఖరుసారి అయితే నేర్చుకునేవాళ్ళు మిగలరు. ఇంతవరకూ అలాంటిది జరగలేదు గనక ఇకముందూ జరగదు అనుకోవడం చాలా సహజం. అయితే అది జరిగిపోయిన లోకంలో కూర్చుని లెక్క చూసుకునే మనిషే ఉండడు. అందుకే ఈ అనుభవం లెక్కలోకి రాదు. ఇక్కడ పనికొచ్చేది ముందుగా వేసుకునే అంచనా ఒక్కటే.

అంచనా వేసేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. భూమి అంతం కావడం, మనిషి జాతి అంతం కావడం, మన నాగరికత కూలిపోవడం మూడూ వేరు. భూమికి ఇప్పట్లో వచ్చిన ముప్పేమీ లేదు. సూర్యుడు కొద్దికొద్దిగా వేడెక్కుతున్నాడు. దాదాపు 100 కోట్ల ఏళ్ళకు సముద్రాలు ఇంకిపోతాయి, 500 కోట్ల ఏళ్ళకు సూర్యుడే ఉబ్బి ఎర్రటి రాక్షస నక్షత్రం అవుతాడు. దాని గురించి ఇవాళ ఆలోచించాల్సిన పని లేదు. అసలు ప్రశ్న రాబోయే వందా రెండువందల ఏళ్ళది.

ఆకాశం నుంచే మొదలుపెడదాం, జనం ఎక్కువగా భయపడేది దానికే గనక. 6.6 కోట్ల ఏళ్ళ క్రితం దాదాపు 10 కిలోమీటర్ల గ్రహశకలం ఒకటి ఇప్పటి మెక్సికోలోని యుకటాన్ దగ్గర పడి రాకాసి బల్లుల యుగాన్ని ముగించింది. ఇప్పుడు కిలోమీటరుకు మించి ఉండి భూమి దరిదాపుల్లో తిరిగే శకలాల్లో 95 శాతానికి పైగా గుర్తించేశారు. వాటిలో ఏదీ వచ్చే వందేళ్ళలో మన మీద పడేలా లేదు. చిన్నవాటితోనే ఇబ్బంది. 140 మీటర్ల స్థాయి వాటిలో సగం కూడా ఇంకా దొరకలేదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలినది 20 మీటర్లది. సూర్యుడి వైపు నుంచి రావడంతో ఎవరూ చూడలేదు, దాదాపు 1,500 మందికి దెబ్బలు తగిలాయి. ఇలాంటివి ఒక ఊరికి ప్రమాదం, మహా అయితే ఒక నగరానికి. మనిషి జాతికి కాదు.

ఈ రంగంలో జరిగిన పని మాత్రం నిజంగా మెచ్చుకోదగ్గది. 2022 సెప్టెంబరు 26న నాసా పంపిన డార్ట్ అనే నౌక డైమార్ఫస్ అనే చిన్న శకలాన్ని కావాలని గుద్దింది. అది తన పెద్ద శకలం చుట్టూ తిరిగే సమయం అరగంటకు పైగా తగ్గిపోయింది. 2024 చివర కనిపెట్టిన వైఆర్4 అనే శకలం 2032 డిసెంబరు 22న భూమిని తాకే అవకాశం 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా పోయింది. అది పడగల దారిలో మన దేశం కూడా ఉండింది. వారం పది రోజుల్లో దూరదర్శినులు దాని కక్ష్యను ఇంకా కచ్చితంగా కొలిచి, భూమికి ముప్పు లేదని తేల్చేశాయి. నెల్లూరు మేడల మీద నుంచి జనం చూసే రాకెట్లు ఎగిరే శ్రీహరికోటలోనే, అంతరిక్షంలో తిరిగే చెత్తను కనిపెట్టే పెద్ద రాడార్ ఉంది. సూర్యుణ్ణి కాపు కాసే ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబరు 2న వెళ్ళిందీ అక్కణ్ణుంచే. దెబ్బ తినకముందే సిద్ధపడటం మనుషుల వల్ల అవుతుందని చూపించిన రంగం ఇది.

అగ్నిపర్వతాల సంగతి అంత ధీమాగా చెప్పలేం. దాదాపు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రాలోని టోబా పేలింది. గత ఇరవై లక్షల ఏళ్ళలో వచ్చిన అతి పెద్ద పేలుళ్ళలో అదొకటి. దాని బూడిద సముద్రం దాటి వచ్చి మన నేల మీద పడింది. ప్రకాశం జిల్లాకు పడమటగా, పాత కర్నూలు జిల్లా జ్వాలాపురంలో ఆ బూడిద పొర ఇప్పటికీ ఉంది. తవ్వకాల్లో ఆ పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అంత పెద్ద ఉపద్రవాన్ని కూడా ఇక్కడి మనుషులు తట్టుకుని ఉంటారని పరిశోధకులు దాన్నిబట్టి అంటున్నారు.

అన్ని ప్రాణులకూ ఆ అదృష్టం దక్కలేదు. ప్రకాశం జిల్లాలో 41,000 ఏళ్ళ నాటి ఉష్ట్రపక్షి గూడు బయటపడిందని బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో ప్రకటించారు. గుడ్ల పెంకులు వేల ముక్కలుగా దొరికాయి. ఈ మెట్ట నేలల్లో ఒకప్పుడు ఉష్ట్రపక్షులు గుంపులుగా తిరిగేవన్నమాట. ఇప్పుడు దేశంలో స్వేచ్ఛగా తిరిగేది ఒక్కటి కూడా లేదు. ఒక జాతి నేల మీద నుంచి పూర్తిగా పోవడం ఎక్కడో, ఎప్పుడో జరిగే వింత కాదు. కనిగిరి, పామూరు వైపు వాళ్ళు రోజూ నడిచే నేలలాంటి నేల మీదే జరిగింది.

మనిషి పుట్టి దాదాపు మూడు లక్షల ఏళ్ళు. ఇన్నేళ్ళలో గ్రహశకలాలు, అగ్నిపర్వతాలు, మంచు యుగాలు అన్నీ వచ్చాయి, పోయాయి. వాటిలో ఏదో ఒకటి మనల్ని తుడిచిపెట్టే అవకాశం నూరేళ్ళకు ఒక శాతం ఉన్నా ఈపాటికి మనం మిగిలి ఉండేవాళ్ళం కాదు. కాబట్టి ప్రకృతి వైపు నుంచి వచ్చే ముప్పు ఒక నూరేళ్ళ కాలానికి చాలా తక్కువే. ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త టోబీ ఆర్డ్ 2020లో దాన్ని పదివేలల్లో ఒక వంతుగా అంచనా కట్టారు. మనిషి తయారు చేసుకున్న ముప్పులకు ఈ హామీ వర్తించదు. అణుబాంబు వయసు ఎనభై ఏళ్ళు. ప్రయోగశాలలో వైరస్‌ను మార్చే నేర్పు దానికన్నా చిన్నది. మూడు లక్షల ఏళ్ళ చరిత్ర వీటి గురించి ఏమీ చెప్పదు.

అణుయుద్ధం అనగానే బాంబు పడ్డ నగరాలే మనసులో మెదులుతాయి. నెల్లూరు మీద ఎవరూ బాంబు వెయ్యరు కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. అసలు చావులు మాత్రం బాంబు పడని చోటే ఎక్కువ. నగరాలు తగలబడితే లేచే మసి వాన మేఘాల కన్నా పైకి పోతుంది. అక్కడ వాన ఉండదు గనక అది కడుక్కుపోదు, ఏళ్ళ తరబడి ఎండను అడ్డుకుంటుంది. భారత్, పాకిస్తాన్ మధ్య అణుయుద్ధం వస్తే ఏమవుతుందని 2019లో అమెరికన్ శాస్త్రవేత్తలు కొందరు లెక్కగట్టారు. తక్షణమే పోయేవాళ్ళు 5 కోట్ల నుంచి 12.5 కోట్ల మంది, లోకమంతటా ఉష్ణోగ్రత 2 నుంచి 5 డిగ్రీలు పడిపోతుంది, వర్షపాతం 15 నుంచి 30 శాతం తగ్గుతుంది. 2022లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం ఆ యుద్ధం తర్వాత ఆకలితో 200 కోట్లకు పైగా జనం చనిపోవచ్చు. అమెరికా, రష్యా తలపడితే 500 కోట్లకు పైగా. అమెరికా అణ్వాయుధ ప్రయోగశాల లాస్ అలమోస్ వాళ్ళు అంతకుముందు 2018లోనే ఇలాంటి లెక్కలను ఒప్పుకోలేదు. మసి అంత ఎత్తుకు పోదని వాళ్ళ వాదన. ఈ తగాదా ఇంకా తెగలేదు. తెగే దాకా రెండో పక్షమే నిజమని ధైర్యంగా కూర్చోవడం తెలివైన పని కాదు.

ఇది పెన్నా డెల్టాకు ఎలా తగులుతుందో ఊహించడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. వరి చిరుపొట్ట మీద ఉన్నప్పుడు రాత్రి చలి 20 డిగ్రీల కంటే బాగా కిందికి పోతే పుప్పొడి చచ్చుబడి గింజ తాలు పోతుంది. నెల్లూరు జిల్లా పెద్ద పంట చలికాలంలోనే పెరుగుతుంది. మామూలు చలికి ఇంకో నాలుగైదు డిగ్రీలు తోడైతే కంకి నిలబడి ఉంటుంది, లోపల బియ్యం ఉండదు. ఈశాన్య రుతుపవనం తగ్గితే సోమశిల నిండదు. దాని 78 టీఎంసీలు ఏటా పైనుంచి, వాన నుంచి రావాల్సినవే. రెండో పంట ఎడగారు మాట మర్చిపోవాలి. ఇది ఒక్క ఏడాదితో పోదు, ఐదారేళ్ళు వరసగా ఉంటుంది. పడమటి ప్రకాశంలో కరువొస్తే జనం హైదరాబాదుకో, బెంగుళూరుకో వలస పోయి బతుకుతారు. అప్పుడు వలస పోవడానికి పంట ఉన్న ఊరు ఎక్కడా ఉండదు. అయినా మనిషి జాతి మొత్తం పోతుందా అంటే, బహుశా పోదు. భూమధ్యరేఖ దగ్గరా, దక్షిణాన న్యూజిలాండు లాంటి చోట్లా కొందరు మిగులుతారు. వాళ్ళు తిరిగి నాగరికత కట్టుకోగలరా అన్నది ఎవరూ హామీ ఇవ్వలేని ప్రశ్న.

ఇంత పెద్ద విపత్తు ఎవరో దుర్మార్గుడు పూనుకుంటేనే వస్తుందనుకోనక్కర్లేదు. 1983 సెప్టెంబరు 26న అమెరికా ఐదు క్షిపణులు వదిలిందని సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ చెప్పింది. డ్యూటీలో ఉన్న స్తానిస్లావ్ పెట్రోవ్ అది పొరపాటని నమ్మి పైకి అలాగే చెప్పాడు. మేఘాల మీద పడ్డ ఎండను యంత్రం క్షిపణులనుకుంది. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి ప్రమాదవశాత్తు ఎగిరి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేదు, అవతలివాళ్ళు తొందరపడలేదు. రెండు దేశాల మధ్య ఉద్రిక్తత ఉన్న వారంలో అదే జరిగి ఉంటే ఏమయ్యేదో! ప్రపంచంలో ఇంకా 12,000కు పైగా అణ్వాయుధాలున్నాయి.

రోగాల విషయానికొస్తే, ఈ ప్రాంతపు ఆక్వా రైతులకు చెప్పాల్సింది పెద్దగా లేదు. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా టైగర్ రొయ్య వేశారు. ఒకే జాతి, కిక్కిరిసిన గుంటలు, ఒకే కాలవ నుంచి నీళ్ళు తోడుకోవడం, అందులోకే వదలడం. 1994, 95ల్లో తెల్లమచ్చ వైరస్ తగిలాక గుంట తర్వాత గుంట రోజుల్లో ఖాళీ అయింది. విమానాలతో, నగరాలతో అల్లుకుపోయిన ఇప్పటి మనుషుల లోకం కూడా అలాంటి గుంటల వరసే. ఒక్క తేడా ఉంది. రొయ్యల సాగు మళ్ళీ లేచింది, 2009 తర్వాత అమెరికా నుంచి రోగం లేని వనామీ తల్లి రొయ్యలు తెచ్చుకోగలిగాం గనక. మనుషులకు అలా బయట నుంచి కొత్త సీడు తెచ్చుకునే చోటు లేదు.

సహజంగా వచ్చే రోగం మనిషి జాతిని పూర్తిగా మాపే అవకాశం చాలా తక్కువ. 1918 ఇన్‌ఫ్లూయెంజాకు మన దేశంలోనే కోటికి పైగా పోయారు, దేశం మిగిలింది. వైరస్ అందర్నీ చంపేస్తే దానికీ ఉనికి లేదు, ప్రాణాంతకమైనవి సాధారణంగా అంత వేగంగా పాకవు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళు చచ్చి బర్డ్ ఫ్లూ అని తేలినప్పుడు చికెన్ షాపులు మూయించారు, చుట్టుపక్కల కోళ్ళను చంపి పూడ్చారు. ఆ వైరస్ మనుషులకు తగిలితే చంపే గుణం ఎక్కువ, అయితే మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకదు. అదే మనకున్న రక్షణ. ఆ రక్షణను ప్రయోగశాలలో తీసేయవచ్చని 2011లోనే రెండు పరిశోధక బృందాలు ముంగిసలాంటి ఫెరెట్ల మీద చూపించాయి. 2017లో కెనడా శాస్త్రవేత్తలు పోస్టులో తెప్పించుకున్న డీఎన్ఏ ముక్కలతో, మశూచికి దగ్గరి చుట్టమైన గుర్రపు మశూచి వైరస్‌ను కొత్తగా తయారు చేసిన సంగతి బయటపెట్టారు. ఖర్చు లక్ష డాలర్ల స్థాయిలోనే. అణుబాంబుకు యురేనియం కావాలి, పెద్ద కర్మాగారం కావాలి, అది ఉపగ్రహానికి కనపడుతుంది. దీనికి ఒక గది చాలు. ఆర్డ్ అంచనాలో మనిషి తయారుచేసిన రోగం ముప్పు నూరేళ్ళకు ముప్ఫైలో ఒక వంతు, గ్రహశకలంది పది లక్షల్లో ఒక వంతు. ఇవి కొలిచిన అంకెలు కావు, ఒక ఆలోచనాపరుడి తీర్పు మాత్రమే. తీర్పులో సగానికి సగం తప్పున్నా రెండిటి మధ్య దూరం మాత్రం చెరిగిపోదు.

వాతావరణ మార్పును మనిషి జాతి అంతం కింద రాయడం సరికాదు, దాన్ని తేలిగ్గా తీసిపారేయడం అంతకన్నా పెద్ద తప్పు. 2024లో భూమి సగటు వేడి పారిశ్రామిక యుగానికి ముందటి కంటే 1.5 డిగ్రీలు దాటింది. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు, ఎక్కువగా నష్టపోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. పోయింది ఎక్కువగా కూలీలు, ముసలివాళ్ళు. గాలిలో తేమ బాగా ఉన్నప్పుడు చెమట ఆరదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు కూడా 35 డిగ్రీలు చూపించే పరిస్థితి వస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషి నీడలో కూర్చున్నా కొన్ని గంటల్లో ప్రాణం పోతుంది. తీరం వెంబడి ఊళ్ళకు అసలు ముప్పు ఇదే. అయినా దీనితో మనుషులందరూ పోరు. నీళ్ళకోసం, నేలకోసం దేశాలు కొట్టుకునే స్థితికి వస్తే మాత్రం, పైన చెప్పిన అణ్వాయుధాలు ఉన్నది ఆ దేశాల చేతుల్లోనే.

కృత్రిమ మేధ గురించి నిపుణులే రెండుగా చీలి ఉన్నారు. 2023 మే 30న ఒక్క వాక్యం ప్రకటన వెలువడింది. ఏఐ వల్ల మనిషి జాతి అంతరించే ముప్పును తగ్గించడం అణుయుద్ధం, మహమ్మారులతో సమానంగా ప్రపంచం పట్టించుకోవాల్సిన పని అని దాని సారాంశం. సంతకాలు చేసినవాళ్ళలో తర్వాతి ఏడాది భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జెఫ్రీ హింటన్ ఉన్నారు, ఆ యంత్రాలు తయారుచేసే కంపెనీల అధిపతులూ ఉన్నారు. ఇదంతా అతిశయోక్తి అనే పెద్ద శాస్త్రవేత్తలూ ఉన్నారు. మనకన్నా తెలివైనదాన్ని అదుపులో పెట్టిన అనుభవం ఎవరికీ లేదు. తయారుచేసేవాళ్ళే ప్రమాదమంటూ, ఒకరికంటే ఒకరు ముందు తయారుచెయ్యాలని పరుగెత్తడం ఇందులో అన్నిటికన్నా కలవరపెట్టే సంగతి.

ముప్పు పెద్దదైన కొద్దీ కాపలా గట్టిగా ఉండాలి. ఉన్నది అందుకు పూర్తిగా తలకిందులు. పది లక్షల్లో ఒక వంతు ముప్పుకు దూరదర్శినులున్నాయి, నౌకతో గుద్ది చూసిన అనుభవం ఉంది. అమెరికా, రష్యాల అణ్వాయుధాలకు పరిమితి పెట్టిన ఆఖరి ఒప్పందం న్యూ స్టార్ట్‌కు 2026 ఫిబ్రవరి 5తో గడువు తీరిపోయింది. ఏఐకి అలాంటి ఒప్పందమే పుట్టలేదు. జీవాయుధాలను నిషేధించిన ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చింది, భారత్ కూడా అందులో ఉంది. రసాయన ఆయుధాలకైతే హేగ్‌లో సొంత సంస్థ, దేశదేశాలు తిరిగే తనిఖీ అధికారులు ఉన్నారు. జీవాయుధాల ఒప్పందం కింద ఏ ప్రయోగశాల తలుపు తట్టి లోపల ఏం జరుగుతోందో చూపించమని అడిగే అధికారి ఇప్పటికీ ఒక్కరూ లేరు. అలాంటి తనిఖీ పెట్టాలని 1990ల్లో మొదలైన చర్చలు 2001లో అమెరికా కాదనడంతో ఆగిపోయాయి.